ఉరికేందుకో జాగ

హైవే మీద పందేలు కట్టే కుర్రాళ్లను ఆపాలంటే ఏం చేయాలి? కేతేపల్లిలోని ఓ మెకానిక్ షెడ్డులో పుట్టిన ఆ ప్రశ్న, జవాబు వెతుక్కుంటూ కోయంబత్తూరు దాకా వెళ్లింది. రేసు కారు కొనుక్కునేది కాదు, కట్టుకునేది అని నమ్మినవాళ్ల ఊరది!

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే బస్సులో మీరెప్పుడైనా కిటికీ పక్కన కూర్చున్నారా? అయితే కేతేపల్లిని చూసే ఉంటారు. కాకపోతే గుర్తుండి ఉండదు. నకిరేకల్ దాటాక, సూర్యాపేట ఇంకా రాకముందు రోడ్డుకు అటూ ఇటూ కనిపించే ఊరది. ఒకప్పుడు తొమ్మిదో నంబరు, ఇప్పుడు అరవై అయిదో నంబరు జాతీయ రహదారి. పక్కనే సోలిపేట దగ్గర మూసీ మీద 1963లో పూర్తయిన ప్రాజెక్టు. కాలువ నీళ్లు అందిన చోట వరి, అందని చోట ఎర్రటి చెల్క. బస్సులో కునుకు తీసేవాళ్లకు ఇవేవీ కనిపించవు.

నాకు మాత్రం ఆ ఊరంటే ఒక షెడ్డు. మా మేనమామ కొడుకుది. నాకు బావ. ముందు రేకుల పందిరి, వెనక వేపచెట్టు, మధ్యలో విప్పేసిన ట్రాక్టరో, కాలిపోయిన బోరు మోటారో, పొగ కక్కే ఆటోనో. ఇరవై అయిదేళ్లుగా బావ చేతులకు గ్రీజు వదల్లేదు. పెళ్లిళ్లకు వచ్చినా గోళ్ల కింద నలుపు అట్లాగే ఉంటుంది. 'అది పోదు బామ్మర్దీ, పుట్టుమచ్చ లెక్క' అంటాడు నవ్వుతూ.

పోయిన ఏడాది వేసవిలో వెళ్లినప్పుడు ఆ షెడ్డు వెనక ఓ వింత కనిపించింది. వేపచెట్టు కింద తలుపుల్లేని, అద్దాల్లేని, సీట్లు పీకేసిన పాత మారుతి 800. పైకప్పు స్థానంలో పైపులతో అల్లిన పంజరం! కోళ్ల గూడుకు చక్రాలు బిగించినట్టుంది.

'ఇదేంది బావా?' అన్నాను.

'కారు' అన్నాడు ముక్తసరిగా.

ఓ గుక్క చాయ్ తాగాక అసలు సంగతి చెప్పాడు.

రాత్రిపూట హైవే

ఆ షెడ్డులో పని నేర్చుకునే కుర్రాడొకడున్నాడు. ఇరవై ఏళ్లుంటాయి. ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పగలడు. వాడూ, వాడి దోస్తులూ రాత్రి పదకొండు దాటాక బైకులు తీసుకుని హైవే ఎక్కేవారు. రోడ్డు నున్నగా ఉంటుంది, లైట్లు దూరం దాకా కనిపిస్తాయి. ఈ చివర నుంచి ఆ చివరకు ఎవరు ముందు? పందెం ఓ బిర్యానీ. అంతే!

ఓ రాత్రి ఎదురుగా ఒక ట్రాక్టరు వచ్చింది. తప్పు దారిలో, లైటు లేకుండా. కుర్రాడు పక్కకు కోశాడు. ప్రాణం దక్కింది. కుడికాలి ఎముక మాత్రం రెండు చోట్ల విరిగింది. లోపల రాడ్డు వేశారు. ఇప్పటికీ కాస్త ఈడ్చి నడుస్తాడు.

'నేను కొట్టిన, వాళ్ల నాయిన తిట్టిండు, పోలీసోళ్లు బండి గుంజుకపోయిండ్రు. నెల తిరగకముందే మిగతా పోరగాండ్లు మళ్ల రోడ్డెక్కిండ్రు. ఉరకొద్దంటే ఆగే వయసా అది? ఉరికేందుకు జాగ చూపియ్యాలె' అన్నాడు బావ.

ఆయనకు రెండెకరాల చెల్క ఉంది. బోరు ఎండిపోయి మూడేళ్లుగా పడావు పడింది. దాంట్లో కోడిగుడ్డు ఆకారంలో ఓ బాట తీస్తాడట. తుక్కు కింద కొన్న మారుతికి గట్టి పంజరం వేసి, బెల్టులు బిగించి, హెల్మెట్ పెట్టి, ఒక్కొక్కడిని ఆ దుమ్ములో తిప్పుతాడట. రోజుకు పని అయ్యాక రెండు గంటలు చొప్పున అప్పటికే ఆరు నెలలు ఆ కారు మీద పెట్టాడు.

బాగానే ఉందనిపించింది. కానీ అంతలోనే హైదరాబాద్‌లో బీటెక్ మెకానికల్ చదివే ఆయన కూతురు సెలవులకు వచ్చింది. పంజరాన్ని చేత్తో తట్టింది. వెల్డింగ్ చూసింది. ఒక్కటే ప్రశ్న అడిగింది.

'నాయినా, ఇది ఏ పైపు?'

'నీళ్ల పైపు. మందమున్నది గద!'

'అయితే తీసెయ్యాలె.'

నీళ్ల పైపు చాలదు

ఆ అమ్మాయి గాలి మాట చెప్పలేదు. బాహా పేరుతో మన దేశంలో ఇంజనీరింగ్ విద్యార్థులకు ఒక పోటీ ఉంది. 1976లో అమెరికాలో సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో పుట్టింది. 2007 నుంచి భారత్‌లోనూ జరుగుతోంది. మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్ ట్రాక్ దానికి పెట్టింది పేరు. విద్యార్థులే ఒక్కరు కూర్చునే బండిని గీసి, కోసి, వెల్డింగ్ చేసి, గుంతలూ దిబ్బలూ ఉన్న మట్టి దారిలో నాలుగు గంటలు నడపాలి. నాలుగు గంటలు నిలిస్తేనే బండి కింద లెక్క.

సంప్రదాయ పెట్రోలు విభాగంలో అందరికీ ఒకే ఇంజన్ నిబంధన ఉండేది. పది హార్స్‌పవర్, 305 సీసీ. సీసీ లెక్కన మన స్కూటర్ల కంటే బాగా పెద్దది. డబ్బున్న కాలేజీ పెద్ద ఇంజన్ పెట్టి గెలుస్తానంటే కుదరదు. తెలివే పెట్టుబడి.

ఇక పంజరం సంగతి. బోల్తా పడితే డ్రైవరును కాపాడేది అదొక్కటే. అందుకే బాహా నిబంధనల పుస్తకంలో దాని గురించే పేజీలకు పేజీలు. ప్రధానమైన గొట్టాలకు 25 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం, ఉక్కులో కనీసం 0.18 శాతం కార్బన్ అన్నది దాంట్లో ఒక కొలత. అది ఆ చిన్న బండికి పెట్టిన కొలత. కారు బరువు పెరిగితే గొట్టమూ పెరగాలి. నీళ్ల పైపు మందంగా కనిపించినా అతుకు దగ్గర చీలిపోవచ్చు, దెబ్బ తగిలితే నలిగి లోపలి మనిషినే నొక్కేయవచ్చు. కాపాడాల్సిన గూడే ఉచ్చవుతుందన్నమాట.

బావ ఏమీ అనలేదు. రాత్రంతా మంచం మీద అటూ ఇటూ దొర్లాడు. పొద్దున్నే గ్రైండింగ్ మిషన్ తీసి, ఆరు నెలల కష్టాన్ని ఒక్కో పైపూ కోసి పక్కన పడేశాడు. నిప్పురవ్వలు ఎగిరి పడుతుంటే కాలు ఈడ్చే కుర్రాడు ఓ మూల నిలబడి చూస్తున్నాడు.

'ఇట్ల తెల్వక చేస్తే పిల్లలను సంపుతం. తెలిసినోళ్లు యాడున్నరు? పోయి చూసొద్దాం' అన్నాడు బావ చివరి పైపు పడ్డాక.

అట్లా బయల్దేరాం కోయంబత్తూరుకు. నేనూ, బావా, కోడలూ.

మన బోరు మోటార్ల ఊరు

నల్గొండలో శబరి ఎక్కితే మర్నాటి పొద్దుటికి కోయంబత్తూరు. గుంటూరు, నెల్లూరు, చిత్తూరు దాటి, కాట్పాడి నుంచి తమిళ దేశంలో పడుతుంది రైలు. తిరుప్పూరు తర్వాత పడమటి కనుమలు నీలంగా కనిపిస్తాయి. స్టేషన్ బయటికి రాగానే బావ ఒక బోర్డు చూసి ఆగిపోయాడు. అది ఒక మోటార్ల కంపెనీది.

'ఇది మన ఊళ్లె ప్రతి బాయి కాడ ఉన్నది గద!'

నిజమే. టెక్స్‌మో, సీఆర్ఐ... నల్గొండ రైతు నోట్లో నానే ఈ పేర్లన్నీ కోయంబత్తూరువే. ఇరవై అయిదేళ్లుగా బావ విప్పి, వైండింగ్ చుట్టి, మళ్లీ బావిలోకి దించిన మోటార్లలో ఎన్నో ఇక్కడ పుట్టినవే. బైకులకు వేసే రోలన్ చైన్లు తయారుచేసే ఎల్జీ బాలకృష్ణన్ అండ్ బ్రదర్స్ కూడా ఈ ఊరిదే. తెలియకుండానే బావ ఇన్నేళ్లూ ఈ ఊరితో సంసారం చేశాడు.

ఇంకో సంగతి. ఈ ఊళ్లో తెలుగు వినబడుతుంది. విజయనగర రాజుల కాలం నుంచి ఇటు వలస వచ్చిన కుటుంబాల్లో నాయుళ్లు ఎక్కువ. బయట తమిళం, ఇంట్లో తెలుగు. టీ కొట్టు దగ్గర ఓ పెద్దాయన మా మాటలు విని 'ఏ ఊరు మీది?' అని అడిగాడు. యాస వేరు. మాట మాత్రం మనదే. పత్తి మిల్లులు పెట్టింది, ఆ మిల్లు యంత్రాలు చెడిపోతే బాగుచేయడానికి ఫౌండ్రీలు పెట్టింది, ఆ ఫౌండ్రీల్లో పంపులు పోసింది చాలావరకు ఇలాంటి కుటుంబాలే.

యంత్రాన్ని విప్పి చూడాలనే దురద ఈ ఊరికి ఎక్కడిది? ఆ ప్రశ్న అడిగితే ఇక్కడ ఎవరైనా చెప్పే పేరొక్కటే. జీడీ నాయుడు.

విప్పి, మళ్లీ బిగించిన మనిషి

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893లో కోయంబత్తూరు దగ్గర కళంగల్ అనే పల్లెలో తెలుగు కుటుంబంలో పుట్టాడు. చదువు అబ్బలేదు. కుర్రతనంలో ఓ ఇంగ్లిష్ అధికారి మోటార్ సైకిల్ మీద రావడం చూశాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి దానంతటదే ఎట్లా నడుస్తోంది? ఆ ప్రశ్న నిద్ర పట్టనివ్వలేదు. కోయంబత్తూరులో హోటల్లో సర్వరుగా చేరాడు. రూపాయి రూపాయి కూడబెట్టి మూడు వందలకు ఆ మోటార్ సైకిలే కొన్నాడు. కొని ఏం చేశాడనుకుంటున్నారు? ఎక్కి ఊరేగలేదు. మొత్తం విప్పేశాడు. మళ్లీ బిగించాడు!

1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒక్క బస్సుతో సర్వీసు మొదలుపెట్టి, పెద్ద రవాణా సంస్థగా పెంచాడు. 1937లో దేశంలో తొలి విద్యుత్ మోటారు బయటికి వచ్చింది ఆయన, బాలసుందరం నాయుడు కలిసి చేసిన కృషి వల్లే. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు చేశాడు. ధర రెండు వేల రూపాయలు! ప్రభుత్వం తయారీకి లైసెన్సు ఇవ్వలేదు. కారు అక్కడే ఆగిపోయింది. 1974లో ఆయన కన్నుమూశాడు.

అవినాశి రోడ్డులో ఆయన పేరిట నడిచే సంస్థ 2015లో జీడీ కార్ మ్యూజియం తెరిచింది. దేశదేశాల పాతకాలపు కార్లు వరసగా నిలబడి ఉంటాయి. అందరూ ఫొటోలు దిగుతుంటే బావ మాత్రం నేల మీద గొంతుక్కూర్చుని కార్ల కిందికి తొంగి చూస్తున్నాడు. స్ప్రింగు పట్టీలు ఎక్కడ బిగించారు, స్టీరింగ్ రాడ్డు ఎట్లా తిప్పారు... కూతురు నోటు పుస్తకంలో బొమ్మ వేసుకుంటోంది. అక్కడి కాపలాదారు అనుమానంగా చూసి, తర్వాత నవ్వి, కుర్చీ తెచ్చి ఇచ్చాడు.

కరి కట్టిన కార్లు

జీడీ నాయుడి తర్వాతి తరంలో ఆ దురదనే వేగం వైపు తిప్పినవాడు సుందరం కరివర్ధన్. అభిమానులకు 'కరి'. 1954లో పుట్టాడు. తాత కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్స్ స్థాపించినవాడు. కావాలంటే విదేశీ కారు తెప్పించుకుని తిరగగల ఇల్లు. కరి రేసులు నడిపాడు, నిజమే. కానీ మన దేశపు రేసింగ్‌కు ఆయన పెట్టిన పెట్టుబడి వేరే ఉంది. కార్లు కట్టడం!

ఆ రోజుల్లో మనకు రేస్ ట్రాకులే లేవు. మద్రాసు శివార్లలోని షోళవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉండేది. 1950ల నుంచి అక్కడే పందేలు. నడిపేవాళ్లలో చాలామంది సొంతంగా కట్టుకున్న బండ్లే తెచ్చేవాళ్లు. ఫియట్ ఇంజనో, హెరాల్డ్ ఇంజనో తీసుకుని, బరువు తగ్గించి, ఇంటి వెనక షెడ్డులో బిగించుకుని వచ్చేవాళ్లు. వాటిని 'స్పెషల్స్' అనేవారు. డబ్బున్న కొందరి దగ్గర మాత్రం విదేశీ కార్లు. ఒకడి చేతిలో కత్తి, ఇంకొకడి చేతిలో కర్ర. ఎవరు మంచి డ్రైవరో ఎట్లా తెలుస్తుంది?

కరి దానికి జవాబు వెతికాడు. 1983 డిసెంబరులో మారుతి 800 మార్కెట్లోకి వచ్చింది. మూడు సిలిండర్లు, 796 సీసీ. పల్లె మెకానిక్‌కూ అర్థమయ్యే ఇంజన్, ఏ ఊళ్లోనైనా దొరికే సామాను. 1980ల చివర్లో కరి ఆ ఇంజన్‌నే తీసుకుని ఒక్కరు కూర్చునే, పైకప్పు లేని రేసు కారు కట్టాడు. పేరు ఫార్ములా మారుతి. అందరికీ ఒకే ఇంజన్, ఒకే రకం కారు. ఇక తేడా అంతా నడిపేవాడి చేతుల్లోనే.

ఫలితం? శ్రీపెరుంబుదూరు ట్రాక్ మీద తన తొలి పందెంలోనే ఫార్ములా మారుతి నడిపి, విజేతల మెట్టు ఎక్కిన కోయంబత్తూరు కుర్రాడు నరైన్ కార్తికేయన్. 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు అతనే. మోనాకో, మోంజా దాకా వెళ్లిన ఆ ప్రయాణం మన మారుతి ఇంజన్‌తో మొదలైందంటే నమ్మశక్యమా!

ఇది చెబుతుంటే బావ మొహం చూడాలి. 'గీ ఇంజన్‌తోనా? మన వేపచెట్టు కిందున్నదేనా?' అని రెండుసార్లు అడిగాడు.

1995 ఆగస్టు 24న చిన్న విమాన ప్రమాదంలో కరివర్ధన్ చనిపోయాడు. నలభై ఒక్క ఏళ్లు. ఊరు ఆయన్ని మరిచిపోలేదు. మాజీ రేసరు బి.విజయ్‌కుమార్ చెట్టిపాళెంలో కట్టిన ట్రాక్ 2003లో మొదలైంది. దాని పేరు కరి మోటార్ స్పీడ్‌వే. రెండు కిలోమీటర్ల పైచిలుకు పొడవు. మేం వెళ్లిన రోజు స్విఫ్ట్ ఇంజన్‌తో నడిచే ఎల్జీబీ ఫార్ములా 4 కార్లు గింగిర్లు తిరుగుతున్నాయి. ఆ పేరు రోలన్ చైన్ల కంపెనీదే. ఇక్కడా అదే సూత్రం. అందరికీ ఒకే ఇంజన్.

మా కోడలు మాత్రం పరుగెత్తే కార్ల కంటే ఆగి ఉన్న కార్ల దగ్గరే ఎక్కువసేపు గడిపింది. డ్రైవరును సీటుకు కట్టేసే అయిదారు పట్టీల బెల్టు, చేతికి అందేంత దూరంలో మంటలార్పే సీసా, బయట నిలబడినవాడు కూడా ఇంజన్ ఆపేయగల మీట... ఒక్కొక్కటీ రాసుకుంది. 'నాయినా, మన కారుకు ఇవి మూడూ లేవు' అంది. బావ తల ఊపాడు. ఆ ఊపులో సిగ్గు లేదు. పని దొరికిన సంతోషం ఉంది.

మట్టి మీద లెక్క వేరు

చెట్టిపాళెంలోది తారు ట్రాక్. మరి బావ తీయబోయేది మట్టి బాట కదా? దానికీ ఓ శాస్త్రముంది. అమెరికాలో ఊరూరా సంత మైదానాల్లో గుర్రప్పందేలకు తీసిన గుండ్రటి మట్టి బాటలుండేవి. కార్లు వచ్చిన కొత్తలో జనం వాటి మీదే పందేలు కట్టారు. ఆ అలవాటు పోలేదు. ఒహాయో రాష్ట్రంలో 1954లో మొదలైన ఎల్డోరా అనే అర మైలు బంకమట్టి ట్రాక్ ఈ ఆటకు పెద్ద గుడి లాంటిది. వారమంతా గ్యారేజీలోనో, పొలంలోనో పనిచేసుకునే మనుషులు పాత కారును ఇంట్లోనే మార్చుకుని శనివారం రాత్రి తెచ్చి నడిపే చిన్న ట్రాకులు అక్కడ ఎన్నో.

అక్కడ పందెం ఎప్పుడూ ఎడమకే తిరుగుతుంది. అందుకని చాలా కార్లకు వెనక కుడి టైరు చుట్టుకొలత ఎడమదాని కంటే కాస్త ఎక్కువ పెడతారు. కారు దానంతటదే ఎడమకు మొగ్గుతుంది. మలుపులో వెనక భాగం జారుతుంటే స్టీరింగ్ కుడికి తిప్పి పట్టుకుంటారు. ఎడమకు పోవాలంటే కుడికి తిప్పడం! చూసేవాళ్లకు వింత, నడిపేవాళ్లకు లెక్క. మట్టి ఎండితే దుమ్ము లేచి కళ్లు కనిపించవు, తడి ఎక్కువైతే బురద. పందేనికి ముందు నీళ్లు చల్లి, రోలరు తిప్పి, పదును చూసుకోవాలి.

ఇది విన్నప్పుడు బావ నవ్వాడు. 'పదును చూసుడు నాకు నేర్పుతరా? మా తాత నాగలి పట్టిండు.'

మట్టి మీద పందెం మనకు మాత్రం కొత్తా? మేళ్లచెరువు శివరాత్రి జాతరలో ఎడ్లు బండ లాగుతుంటే చుట్టూ జనం ఎట్లా ఊగిపోతారో చూడాల్సిందే. ఆ ఎడ్లకు ఉలవలూ బాదంపప్పులూ తినిపించి పెంచే రైతును లాభమేంటని అడిగి చూడండి. మిమ్మల్నే జాలిగా చూస్తాడు. నరైన్ తండ్రి జీఆర్ కార్తికేయన్ కూడా గతుకుల దారుల ర్యాలీల్లో పండిపోయినవాడే. సౌత్ ఇండియా ర్యాలీని ఏడుసార్లు గెలిచాడు.

సొంతంగా బండ్లు కట్టే పిచ్చికీ మన దగ్గర కొదవ లేదు. హైదరాబాద్ బహదూర్‌పురాలో, జూపార్కుకు దగ్గర్లో కన్యబోయిన సుధాకర్ తుక్కు సామానుతో బూటులా, క్రికెట్ బ్యాటులా, బర్గర్‌లా ఉండే కార్లు కట్టి మ్యూజియమే పెట్టాడు. 2005లో ఆయన చేసిన నలభై ఒక్క అడుగుల పైచిలుకు ఎత్తున్న మూడు చక్రాల సైకిల్ గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. చూపించడానికి కట్టినవి అవి. పరుగెత్తేందుకు? 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందెం జరిగింది. ఊరంతా చూసింది. మరుసటి ఏడాది పందెం రద్దయింది. చూసి వచ్చిన కుర్రాళ్లు మర్నాడు ఎక్కడ నడపాలి? మళ్లీ హైవేనే!

చెల్కలో మొదటి చుట్టు

తిరిగొచ్చాక బావ తొందరపడలేదు. సరైన ఉక్కు గొట్టాల కోసం హైదరాబాద్‌లో నాలుగు దుకాణాలు తిరిగాడు. గొట్టాలు వంచే మిషన్ తన దగ్గర లేదని వంచే పని బయట చేయించాడు. కోడలు సెలవు దొరికినప్పుడల్లా వచ్చి ప్రతి అతుకూ చూసి, నచ్చనిది చాక్‌పీసుతో గుర్తు పెట్టేది. ఆమె గుర్తు పెట్టింది బావ మారుమాట లేకుండా కోసేవాడు. పెట్రోలు ట్యాంకు డ్రైవరుకు దూరంగా జరిగింది. బెల్టులు వచ్చాయి. ఇంజన్ ఆపే ఎర్ర మీట బయటికి వచ్చింది. ఇంకో పది నెలలు పట్టింది.

ఈ ఏడాది యాసంగి కోతలయ్యాక మే నెలలో ఓ ఆదివారం కబురొచ్చింది. వెళ్లాను. చెల్కలో బాట తీసి ఉంది. చుట్టూ మట్టి కట్ట. ముందు రోజు సాయంత్రమే ట్యాంకరుతో నీళ్లు చల్లారు. బావ పిడికెడు మట్టి తీసి నలిపి, ముద్ద కట్టి, నేల మీద వేసి చూశాడు. 'ఆఁ, పదునున్నది.'

అక్కడ ఆయన పెట్టిన నియమాలు మూడే. ఒకసారికి ఒకటే కారు, ఒకడే మనిషి. హెల్మెట్, బెల్టు లేకుండా కీ చేతికివ్వడు. చూసేవాళ్లంతా కట్ట అవతలే. దీన్ని పందెం అనడానికి కూడా ఆయన ఒప్పుకోడు. పందెమంటే మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య అనుమతి, లైసెన్సులు, అంబులెన్సు ఉండాలని కోయంబత్తూరులో తెలుసుకున్నాడు. 'ఇది నేర్చుకునే జాగ. అంతే' అంటాడు.

మొదటి చుట్టు కోడలు తిప్పింది. నెమ్మదిగా. రెండో చుట్టులో వెనక చక్రాలు జారాయి. ఆమె స్టీరింగ్ ఎదురు తిప్పింది. కారు నిలదొక్కుకుంది. ఎర్ర దుమ్ము తెరలా లేచింది. కట్ట అవతల పదిహేను మంది కుర్రాళ్లు ఈలలు వేశారు.

తర్వాత ఆ కుర్రాడి వంతు. కాలు ఈడ్చుకుంటూ వచ్చి కూర్చున్నాడు. బావే స్వయంగా బెల్టులు బిగించాడు, ఒకటికి రెండుసార్లు లాగి చూశాడు. ఇంజన్ ఆన్ అయింది. కదలబోయి ఆగిపోయింది. మళ్లీ ఆన్. మళ్లీ ఆగింది. క్లచ్ తొక్కేది ఎడమకాలే, అది బాగానే ఉంది. వణికింది కుడికాలు. ఎవరూ నవ్వలేదు. మూడోసారి కదిలింది. ఒక చుట్టు... రెండు... అయిదు. దిగాక ఏమీ మాట్లాడకుండా వేపచెట్టు కిందికి వెళ్లి నీళ్లు తాగాడు. చాలాసేపు తాగాడు.

ఆ రాత్రి హైవే మీద ఎవరైనా పందెం కట్టారో లేదో నాకు తెలియదు. రెండెకరాల చెల్క నాలుగు వరసల రోడ్డుతో పోటీ పడగలదా అంటే చెప్పలేను. మర్నాటి పొద్దున షెడ్డుకు వెళ్లేసరికి మాత్రం ముగ్గురు కుర్రాళ్లు అప్పటికే వచ్చి ఉన్నారు. మూల పడి ఉన్న ఇంకో పాత మారుతి ఇంజన్ మీది పట్టా తీసి ఉంది. కాలు ఈడ్చే కుర్రాడు బోల్టులు విప్పుతూ, ఒక్కొక్కటీ కిరోసిన్ గిన్నెలో వేస్తున్నాడు.

'రెండోది కడుతున్నరా?' అని అడిగాను.

బావ తల ఎత్తకుండానే అన్నాడు: 'గదే ఇంజన్ కావాలె గద. లేకపోతే ఎవడు మంచిగ నడిపిండో ఎట్ల తెలుస్తది?'